చిలుక తన ఈకలు తానే పీక్కుంటోంది, ఏం చేయాలి?

ముందు తల చూడండి. రొమ్ము బోడిగా ఉండి తల మీద ఈకలు నిండుగా ఉంటే అది పీక్కుంటున్నట్టే. సొంత ముక్కు తలకు అందదు కదా. తల కూడా పలచబడితే జబ్బో, జతపక్షి పీకడమో అయ్యుండొచ్చు.

ఏదైనా మొదట పక్షుల వైద్యం తెలిసిన డాక్టరుకు చూపించండి. చర్మం ఇన్ఫెక్షన్, కాలేయ జబ్బు వల్ల కూడా పీక్కుంటాయి. సొంతంగా పురుగుల మందు మాత్రం కొట్టకండి, ప్రాణం మీదికొస్తుంది.

జబ్బు లేదని తేలితే, ఎక్కువగా విసుగే కారణం. ఆఫ్రికన్ గ్రే, కాకటూ జాతి చిలుకలు చాలా తెలివైనవి. ఫ్లాట్‌లో రోజంతా ఒంటరిగా ఉంటే పాపం ఏం చేస్తాయి? పంజరంలో బెరడు తీయని జామ కొమ్మ కట్టండి. గంటల తరబడి దాన్ని చీలుస్తూ కూర్చుంటుంది. హైదరాబాద్ ఎండల్లో ఏసీ గది గాలి చర్మాన్ని పొడిబారుస్తుంది, కాబట్టి ఉదయంపూట గోరువెచ్చని నీళ్లు సన్నగా స్ప్రే చేయండి. పొద్దుతిరుగుడు గింజలొక్కటే సరిపోవు. మునగాకు, క్యారెట్ కూడా పెట్టండి. రాత్రి 10-12 గంటలు చీకటి, నిశ్శబ్దం కావాలి, టీవీ గది వద్దు.

పీక్కునేటప్పుడు అరవకండి. మీరు పట్టించుకున్నారని ఇంకా పీక్కుంటుంది. ఏళ్ల తరబడి సాగితే ఈక కుదురు దెబ్బతిని మళ్లీ మొలవకపోవచ్చు, అందుకే ఈ వారమే చూపించండి.