ఏఐ ఎథిక్స్ చెప్పబోతున్న సుధకు

చి. సుధకు,

వచ్చే సెమిస్టర్ ఏఐ ఎథిక్స్ కోర్సు నీ మీద పడిందని ఫోన్‌లో అన్నావు. గొంతులోనే తెలిసింది టెన్షన్. మొదటిసారి నేను సిద్ధాంతాలతో మొదలుపెట్టి చేతులు కాల్చుకున్నాను. పరీక్షలో అందరూ పారదర్శకత, జవాబుదారీతనం అని వరసగా రాశారు, మార్కులు వేశాను. కంప్యూటర్ తప్పు చేస్తే ఏ ఆఫీసుకి వెళ్ళాలో ఒక్కరికీ తెలియదు. అప్పటికి నాకూ తెలియదనుకో.

నువ్వు రేషన్ కార్డుతో మొదలుపెట్టు. తెలంగాణలో 'సమగ్ర వేదిక' అనే ప్రభుత్వ సాఫ్ట్‌వేర్ ఉంది కదా, రకరకాల శాఖల రికార్డుల్లోని పేర్లూ అడ్రసులూ పోల్చి ఇవన్నీ ఒకే మనిషివని తేలుస్తుంది. ఎవరిదో కారు మీ నాన్న పేరున పడిందా, కార్డు పోయినట్టే. 2016 నుంచి రద్దయిన సుమారు 19 లక్షల కార్డులను క్షేత్రస్థాయిలో మళ్ళీ పరిశీలించమని 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెప్పింది. రద్దులన్నీ సాఫ్ట్‌వేర్ తప్పులేనని మాత్రం చెప్పకు.

తర్వాత పిల్లల్ని వాళ్ళ నాన్న పేరు ఆధార్‌లో, టెన్త్ మెమోలో, కరెంటు బిల్లులో ఇంగ్లీషులో ఎలా ఉందో చూసి రమ్మను. లక్ష్మయ్య ఒకచోట కెఎస్‌హెచ్‌తో ఉంటాడు, ఇంకోచోట ఎక్స్‌తో. ఇంటిపేరు ఒకదాంట్లో పూర్తిగా, ఒకదాంట్లో పొడి అక్షరం. (జిరాక్సులు తీసుకోకు, ఈ క్లాసులోనే ఆ తప్పు చేస్తే నవ్విపోతారు.) ఆ పేర్లను కలిపే చిన్న ప్రోగ్రాం రాయించు. ఎంత పోలిక ఉంటే ఒకే మనిషి అనాలి, 80 శాతమా, 95 శాతమా? తగ్గిస్తే ఇద్దరు లక్ష్మయ్యలు ఒక్కడైపోతారు, పెంచితే ఒకే లక్ష్మయ్య ఇద్దరవుతాడు. వాళ్ళు కొట్లాడుకుంటుంటే అడుగు: ఈ అంకె ఎవరు పెట్టాలి? ఏ జీవోలో ఉండాలి? అక్కడ ఓ రెండు క్లాసులు పోయినా పోనీ.

నెదర్లాండ్స్‌లో పిల్లల సంరక్షణ భత్యాలు తీసుకున్న వేల కుటుంబాల మీద, కంప్యూటర్ లెక్కలు కూడా వాడి, తప్పుగా మోసగాళ్ళ ముద్ర వేసిన గొడవకి 2021 జనవరిలో ప్రభుత్వమే రాజీనామా చేసింది, అది ఒక గంటలో చెప్పెయ్యి. యూరప్ ఏఐ చట్టం సెక్షన్లు బట్టీ పెట్టించకు. మన 2023 వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలో 7వ సెక్షన్ మాత్రం పక్కన కూర్చుని చదివించు. సబ్సిడీల కోసం ప్రభుత్వం మళ్ళీ సమ్మతి అడక్కుండా, కొన్ని షరతులతో, మన వివరాలు వాడుకోవచ్చని అందులో ఉంది.

ఫైనల్‌కి వ్యాసం వద్దు. కార్డు పోయిన ఇంటి తరఫున తహసీల్దార్‌కి తెలుగులో ఒక పేజీ అర్జీ రాయమను. మనవాళ్ళకి పైథాన్ వచ్చు, అర్జీ రాదు. మా కాలనీలో రిటైరైన డిప్యూటీ తహసీల్దార్ ఉన్నారు, వచ్చి దిద్దుతానన్నారు. మధ్యాహ్నం క్లాసు మాత్రం పెట్టకు, ఆయన కునుకు తీస్తారు.

మీ మాస్టారు