ఇంటికి తీసుకెళ్లిపోండి

పర్లాకిమిడి

చిరంజీవి అమ్మడుకి పెదనాన్న ఆశీస్సులు.

కొరాపుట్ మెడికల్ కాలేజీలో కథలతో, నాటకాలతో పిల్లలకు రోగితో మాట్లాడడం నేర్పబోతున్నావని మీ నాన్న ఫోనులో చెప్పాడు. "సాహిత్యం చదివినదాన్ని డాక్టర్ల మధ్యకు ఎవరు రానిచ్చారురా?" అన్నాను. ఫోను పెట్టేశాక మాత్రం వీధిలో కనిపించిన వాళ్లందరికీ చెప్పుకొచ్చాను.

కథ చిన్నది ఎంచుకో. ఇంట్లో చదివి రమ్మంటే చదవరు, క్లాసులోనే పైకి చదివించు. భోజనాల తరువాతి గంట ఇస్తే ఒప్పుకోకు. "ఇవన్నీ ఎందుకమ్మా" అనే ప్రొఫెసరుకు, 2019 నుంచి ఎంబీబీఎస్‌లో రోగితో మాట్లాడడం పాఠ్యభాగమేనని చెప్పి ఊరుకో. వాదించకు, నీ నోరు నాకు తెలుసు.

ఇక నా సంగతి. నలభై అయిదేళ్ల కిందట కొండ దిగువన ఒక చిన్న ఆసుపత్రిలో కొత్త డాక్టర్ని. మలేరియాతో ఎనిమిదేళ్ల పిల్లవాడిని తెచ్చారు. అయిదో రోజుకు జ్వరం దిగింది, గంజి తాగుతున్నాడు. కేసు షీటు రాసుకుంటూ, తల ఎత్తకుండా, "ఇంక ఇంటికి తీసుకెళ్లిపోండి" అన్నాను. తండ్రి మన తెలుగు రైతే, భాష అడ్డం రాలేదు సుమా. మారుమాట లేకుండా కొడుకును భుజాన వేసుకుని వెళ్లాడు. ఎంత బుద్ధిమంతుడో అనుకున్నాను కూడా.

మన ఊళ్లలో డాక్టరు ఆ మాట ఎప్పుడంటాడో నీకు తెలుసు. నాకూ తెలుసు, ఆ నిమిషాన తట్టలేదు. తొమ్మిది రోజులకు మళ్లీ వచ్చాడు. చుట్టాలకు కబురు పెట్టాడట, ఖర్చులకని ఎద్దును అమ్మేశాడట. గుమ్మం దగ్గరే నిలబడి, "పోతాడన్నారు కదా బాబూ, అన్నం అడుగుతున్నాడు, పెట్టవచ్చా?" అన్నాడు. నేనిచ్చిన మాత్రల పొట్లం తువ్వాలు చివర ముడిలో అలాగే ఉంది, దారం కూడా విప్పలేదు. పిల్లవాడు బతికాడు. ఎద్దు తిరిగి రాలేదు. ఆ మనిషి తిట్టి ఉంటే తేలికపడేవాడిని. దండం పెట్టాడు.

అందుకే నా భయమంతా ఒకటే. నీ పిల్లలు "మీ బాధ అర్థమైందమ్మా" అన్న వాక్యాన్ని మార్కుల కోసం బట్టీ పడతారు. పడనివ్వకు. నా వాక్యాన్ని వాళ్లతో ఆడించు. ఒకడు తండ్రి, ఒకడు డాక్టరు. తల ఎత్తకుండా ఒకసారి, ఎత్తి ఒకసారి, కలం కింద పెట్టి కూర్చుని ఒకసారి. ప్రతిసారీ తండ్రి వేషగాడు తనకేమి అర్థమైందో సొంత మాటల్లో చెప్పాలి. నవ్వుతారు, నవ్వనీ.

అక్కడ రోగుల్లో చాలామంది దేశియాలోనో కువిలోనో మాట్లాడతారు. నువ్వు కూడా నాలుగు మాటలు నేర్చుకో. ఒకప్పుడు మా పర్లాకిమిడిలో ఉన్న గిడుగు రామమూర్తి గారు సవరల భాష నేర్చారు. ఆ సవరల కొండల్లో తిరిగి మలేరియా తెచ్చుకుని, క్వినైన్ వాడి, వినికిడి పోగొట్టుకున్నారు. నిన్ను అంత దూరం వెళ్లమనడం లేదు! దోమతెర మరిచిపోకు.

మీ పెద్దమ్మ స్వెట్టరు అల్లుతోంది, చేతులు పొడవయ్యాయి, మడుచుకో. ఘాట్ రోడ్డు మీద రాత్రి బస్సు ఎక్కవద్దు. చేరగానే ఫోను చెయ్యి, ఎంత రాత్రయినా సరే.

మీ పెదనాన్న