మరదలు సంతకం పెడితే పిల్లవాడి వాటా పోతుందా?

ప్రశ్న: మాది గుంటూరు బ్రాడీపేట. నాన్నగారు 1978లో తన జీతం డబ్బుతో 180 గజాల్లో ఉన్న పెంకుటిల్లు కొన్నారు. 2014లో వీలునామా రాయకుండానే పోయారు. అమ్మ, నేను, చెల్లెలు, తమ్ముడు వారసులం. తమ్ముడు కూడా 2021లో చనిపోయాడు. అతనికి భార్య, పన్నెండేళ్ల కొడుకు ఉన్నారు. వానొస్తే నాలుగు గదుల్లో రెండు కురుస్తున్నాయి. ఇల్లు పడగొట్టి జీ ప్లస్ టూ కట్టాలనుకుంటున్నాను. ఖర్చంతా నాదే, కొంత బ్యాంకు లోను. చెల్లెలు తనకేమీ వద్దంది. మరదలు తన తరఫున, పిల్లవాడి తరఫున వంద రూపాయల స్టాంపు పేపరు మీద హక్కు వదులుకున్నట్టు రాసి నోటరీ చేయిస్తానంటోంది. అది చాలా?

జవాబు: చాలదు. చెల్లెలితో, మరదలితో వచ్చే చిక్కు చిన్నది, రిజిస్ట్రారు ఆఫీసులో తీరిపోతుంది. అసలు చిక్కు ఆ పన్నెండేళ్ల పిల్లవాడి వాటా దగ్గరుంది.

ముందు ఎవరికెంతో చూడండి. ఇల్లు నాన్నగారి స్వార్జితం. నాయనమ్మగారు అప్పటికే లేరనుకుంటే, 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం ఆయన పోయిన రోజే అమ్మకు, మీకు, చెల్లెలికి, తమ్ముడికి తలా నాలుగోవంతు, అంటే 45 గజాలు వచ్చాయి. తమ్ముడూ వీలునామా రాయలేదు కదా? అయితే అతని 45 గజాలు భార్యకు 15, కొడుక్కి 15, తల్లికి 15. కొడుకు ఆస్తిలో తల్లికీ వాటా ఉందన్న సంగతి చాలా ఇళ్లలో మరిచిపోతారు. ఆ లెక్కన ఈ రోజు అమ్మవి 60 గజాలు, మీవి 45, చెల్లెలివి 45, మరదలివి 15, పిల్లవాడివి 15. రేపు అమ్మ కూడా వీలునామా రాయకపోతే ఆమె 60 గజాలు మీకు, చెల్లెలికి, పిల్లవాడికి ఇరవై చొప్పున పోతాయి, కోడలికి రావు. అప్పుడు పిల్లవాడివి 35 అవుతాయి. ‘వాడికెంతలే, పదిహేను గజాలు’ అనుకోవద్దు.

తండ్రి లేని పిల్లవాడికి తల్లే సహజ సంరక్షకురాలు. అయినా పిల్లవాడి స్థిరాస్తిని అమ్మాలన్నా, తాకట్టు పెట్టాలన్నా, దానంగా ఇవ్వాలన్నా, ఇంకే విధంగా బదిలీ చేయాలన్నా 1956 హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టం ఎనిమిదో సెక్షను కింద ముందుగా కోర్టు అనుమతి కావాలి. అది లేకుండా రిజిస్టరు దస్తావేజు రాసినా, పిల్లవాడు మేజరయ్యాక మూడేళ్లలోపు దావా వేసి రద్దు చేయించుకోవచ్చు. ఇక పెదనాన్నగా మీరే వాణ్ణి పెంచుతున్నా వాడి ఆస్తి మీద సంతకం పెట్టే అధికారం మీకు లేదు. అదే చట్టం పదకొండో సెక్షను ఆ దారి మూసేసింది.

మరదలు రాస్తానంటున్న కాగితానికి ఆ మాత్రం బలం కూడా లేదు. వంద రూపాయలు, అంతకు మించి విలువున్న స్థిరాస్తిలో హక్కు వదులుకునే పత్రం ఏదైనా సరే రిజిస్టరు కావాలి. నోటరీ ముద్ర రిజిస్ట్రేషను కాదు. అలాంటి కాగితమే ఒకటి ప్లాస్టిక్ కవరులో పెట్టుకుని ఇరవయ్యేళ్ల కుర్రాడొకడు నా ఆఫీసుకు వచ్చాడు. మడతల దగ్గర చిరిగిపోయింది, కింద వాళ్లమ్మ వేలిముద్ర. ఆ స్థలంలో మూడంతస్తులు లేచి ఎనిమిదేళ్లయింది. కట్టినాయన కూడా మంచివాడే. అందుకే వాళ్ల మధ్య అయిదేళ్లు నడిచిన దావా చూసి నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది. ఉమ్మడి స్థలంలో ఎవరి డబ్బుతో కట్టినా నేల మాత్రం ఉమ్మడిదే. విభజన దావాలో కట్టినవాడికి ఆ భాగం వచ్చేలా కోర్టు వీలైనంత చూస్తుంది, కానీ అది దక్కి తీరాలన్న హక్కేమీ లేదు. కార్పొరేషను ప్లాను మంజూరు చేసినా, ఇంటి పన్ను మీ పేరుకు మారినా యాజమాన్యం మీకు రాదు.

మరేం చేయాలి? పిల్లవాడి వాటాను డబ్బిచ్చి తీసుకోవడం ఒక దారి. దానికి మరదలు జిల్లా కోర్టులో పిటిషను వేయాలి. అవసరమో, పిల్లవాడికి స్పష్టమైన లాభమో కనబడితేనే కోర్టు ఒప్పుకుంటుంది. ఆ డబ్బు మేజరయ్యే దాకా వాడి పేరున బ్యాంకు డిపాజిట్‌లో ఉంచమనడం మామూలే. నేనైతే రెండో దారి చెబుతాను. కొత్త ఇంట్లో పై అంతస్తులో ఒక పోర్షన్, దానికి తగిన నేల వాటా పిల్లవాడి పేరున పెట్టండి. కురిసే ఇంట్లో పదిహేను గజాల లెక్క పోయి గట్టి స్లాబు కింద గదులు వస్తున్నాయంటే కోర్టుకు వేరే చెప్పాల్సిన పని తక్కువ. ప్లాను నకలు, ఇంజనీరు అంచనా, ఎవరికే అంతస్తో రాసిన ముసాయిదా పిటిషనుతో పాటు పెట్టండి. బ్యాంకు తాకట్టుకూ అనుమతి కావాలి కనుక అదీ ఇందులోనే అడగండి, లేకపోతే లోను దగ్గర మళ్లీ ఆగిపోతారు.

చెల్లెలు నిజంగా వద్దనుకుంటే రిజిస్ట్రారు ఆఫీసుకు వచ్చి మీ పేరున రిలీజ్ (వాటా వదులుకునే దస్తావేజు) గానీ సెటిల్‌మెంట్ (వాటాను ఇంట్లోవాళ్లకు ఇచ్చేసే దస్తావేజు) గానీ రాయాలి. ‘పెళ్లికి ఇచ్చాం కదా’ అన్న మాట కోర్టులో నిలవదు. నివాస గృహంలో ఆడపిల్ల పంపకం అడగకూడదన్న వారసత్వ చట్టం 23వ సెక్షను 2005లోనే పోయింది. అడిగి చూడండి, బహుశా ఆమె కోరేది గజాలు కాదు, పుట్టింట్లో ఒక గది అయివుండొచ్చు.

పడగొట్టే ముందు పక్కింటివారితో ఉన్న మధ్యగోడను వాళ్ల ఎదుటే, తేదీ పడేలా ఫొటోలు తీయించండి. మట్టిసున్నపు గోడలు పునాది తవ్వేటప్పుడు పగులుతాయి, ఆ పగులు పాతదా కొత్తదా అన్నదే తర్వాత గొడవ. ఇంకొకటి. ‘సామాను మాకు, కూలి మీకు మిగులు’ అని పడగొట్టేవాళ్లు బేరం పెడతారు. ఆ టేకు గుమ్మాలు, దూలాలు కూడా అయిదుగురివీ. వీధి గుమ్మం కొత్త ఇంటికి పెట్టుకోవాలని ఉంటే, ఆ మాట ముసాయిదాలో ఒక వాక్యంగా రాయించి అమ్మ చేత, చెల్లెలి చేత, మరదలి చేత సంతకం చేయించండి.