కింద చుక్క పడట్లేదు, పొగ రావట్లేదు, మరి ఇంజిన్ ఆయిల్ ఎటు పోతోంది?

మీ పెట్రోల్ కారు 1,90,000 కి.మీ. తిరిగింది, సర్వీసుకీ సర్వీసుకీ మధ్య ఆయిల్ తగ్గిపోతోంది, కింద మరక లేదు, సైలెన్సర్‌లో పొగ లేదు, మెకానిక్ మాత్రం "బోరుకొచ్చింది, ఇంజిన్ దించాల్సిందే" (అంటే సిలిండర్లు అరిగిపోయాయి, ఇంజిన్ విప్పి బాగుచేయాలి) అన్నాడు. నిజమేనా అని కదా మీ ప్రశ్న. నిజం కావచ్చు కూడా. కానీ ఎంత తాగుతోందో కొలవకుండా ఆ మాట ఎవరన్నా నేను నమ్మను, ఎందుకంటే నాకూ సరిగ్గా ఇదే మాట చెప్పారు. ఇంజిన్ దించకుండానే మూడేళ్లుగా నడుపుతున్నాను.

నాది 2,10,000 దాటాక మొదలైంది. ఒక మలుపులో ఆయిల్ లైటు ఒక్క క్షణం వెలిగి ఆరిపోయింది. పక్కకి ఆపి కాసేపాగి డిప్‌స్టిక్ (ఆయిల్ లెవెల్ చూసే పుల్ల) తీస్తే, కింది గుర్తు కూడా పొడిగా ఉంది, కొసన మాత్రం నల్లటి చుక్క ఒకటి వేలాడుతోంది. ఆ లైటు ఆయిల్ ఎంత ఉందో చెప్పేది కాదు, ప్రెషర్ పడిపోయిందని చెప్పేది. మలుపులో ఆయిల్ ఒక పక్కకి ఒరిగి పంపు గాలి పీల్చిందన్నమాట. లైటు వెలిగేదాకా ఆగితే అప్పటికే ఆలస్యమైనట్టు. నేను ఆగాను, నా తప్పు.

ముందు కొలవండి. చదునుగా ఉన్న ఒకే చోట, పొద్దున్నే బండి స్టార్ట్ చేయకముందు చూడండి. తీసి, తుడిచి, మళ్లీ పూర్తిగా దించి తీసిందే లెక్క. పై గుర్తు దాకా నింపి మీటర్ రీడింగ్ రాసుకోండి. 1,000 కి.మీ. తర్వాత మళ్లీ పై గుర్తుకి రావడానికి ఎంత పట్టిందో చూడండి. నేను ఆయిల్ డబ్బాని పోయకముందూ పోశాకా వంటింటి తూకం మీద పెట్టేవాణ్ణి. లీటరు ఆయిల్ దాదాపు 850 గ్రాములు తూగుతుంది, ఆ లెక్కన మిల్లీలీటర్లు తేలిపోతాయి. ఇంట్లోవాళ్లు తిట్టారు, అది వేరే సంగతి. పై గుర్తు మాత్రం దాటనివ్వకండి. ఎక్కువైతే కింద తిరిగే క్రాంక్ షాఫ్ట్ దాన్ని చిలికి నురగ చేస్తుంది, ఆ తుంపర ఇన్‌టేక్‌లోకి (ఇంజిన్ గాలి పీల్చే దారి) పోయి అదీ కాలిపోతుంది. పోసిన కొద్దీ తాగుతోంది అనిపించేది కొన్నిసార్లు ఇందుకే.

ఈ కొలతలో నేను బోల్తా పడ్డది ఒకటుంది. ఊళ్లో చిన్నచిన్న ట్రిప్పులు తిరిగిన నెలలో ఆయిల్ అసలు తగ్గనట్టే కనిపించింది. సంబరపడ్డాను. తర్వాత ఒక లాంగ్ డ్రైవ్‌కి వెళ్లొస్తే ఒక్కసారిగా అర లీటరు పైనే మాయం! ఇంజిన్ పూర్తిగా వేడెక్కని ప్రయాణాల్లో కాలని పెట్రోల్ కొంత కిందికి జారి ఆయిల్‌లో కలుస్తుంది. తగ్గిన ఆయిల్ స్థానాన్ని అది నింపేస్తుంది కాబట్టి లెవెల్ బాగానే ఉన్నట్టుంటుంది. దూరం వెళ్లి ఇంజిన్ బాగా కాగినప్పుడు ఆ పెట్రోల్ ఆవిరైపోతుంది, అసలు సంగతి బయటపడుతుంది. అందుకే ఒక్క రీడింగ్ చూసి ఏదీ తేల్చకండి, కనీసం మూడు తీయండి. నావి సగటున 1,000 కి.మీ.కి 600 మి.లీ. దగ్గర తేలాయి.

పొగ లేదంటే ఆయిల్ కాలట్లేదని కూడా కాదు. కొద్దికొద్దిగా కాలేదాన్ని సైలెన్సర్ దారిలో పొగని శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ మింగేస్తుంది. (ఆయిల్‌లోని ఫాస్ఫరస్ వల్ల కాలక్రమేణా అదీ పాడవుతుంది.) ఎవరినైనా బండి వెనక నిలబెట్టండి. రాత్రంతా ఆగిన బండి పొద్దున స్టార్ట్ చేయగానే నీలం పొగ ఒక్కసారి వచ్చి పోతే వాల్వ్ సీళ్ల (వాల్వుల పక్క నుంచి ఆయిల్ సిలిండర్‌లోకి దిగకుండా ఆపే రబ్బరు ముక్కలు) మీద అనుమానం. గట్టిగా యాక్సిలరేటర్ తొక్కి నడిపినంతసేపూ వస్తుంటే పిస్టన్ చుట్టూ ఉండే రింగుల మీద. నా బండికి పొద్దున పూట రెండు మూడు సెకన్లు వచ్చింది, అంతే.

నేను ముందు మార్చింది అన్నిటికంటే చవకైనది, పీసీవీ వాల్వ్. పిస్టన్ పక్కల నుంచి కిందికి జారే గ్యాసుని మళ్లీ ఇన్‌టేక్‌లోకి పంపే చిన్న ముక్క అది. తెరుచుకుని ఇరుక్కుపోతే గ్యాసుతో పాటు ఆయిల్ తుంపర్నీ లాగేసుకుంటుంది. మూసుకుపోతే లోపల ప్రెషర్ పెరిగి, దారి దొరికిన చోటల్లా ఆయిల్‌ని తోస్తుంది. విప్పి ఊపితే చాలా రకాలు గలగలమనాలి, నాది రాయిలా ఉంది. దాని రబ్బర్ గొట్టం లోపల వేలు పెడితే వేలంతా జిడ్డు. రెండూ మార్చాక 600 కాస్తా 400కి దిగింది. తర్వాత వాల్వ్ సీళ్లు మార్పించాను. చాలా ఇంజిన్లలో హెడ్ (ఇంజిన్ పైభాగం) విప్పక్కర్లేదు, స్పార్క్ ప్లగ్ రంధ్రం లోంచి సిలిండర్‌లోకి గాలి కొట్టి వాల్వులు కింద పడకుండా పట్టి ఉంచి మారుస్తారు. తీసిన పాత సీళ్లు గోటితో నొక్కితే ప్లాస్టిక్‌లా గట్టిగా ఉన్నాయి. ఇప్పుడు 250 దగ్గర నిలిచింది.

మిగిలిన 250 రింగులదే అనుకుంటున్నాను. మీ మెకానిక్ కంప్రెషన్ టెస్ట్ (సిలిండర్‌లో ఎంత ప్రెషర్ నిలుస్తుందో చూసే పరీక్ష) చేసి "అన్నీ బాగున్నాయి" అన్నా, తక్కువ వచ్చింది అన్నా, ఒక విషయం గుర్తుంచుకోండి. ఆ టెస్ట్ పై రింగుల గురించి చెబుతుంది. ఆయిల్‌ని గీకి కిందికి దించే ఆయిల్ రింగు వేరు. దాని సందుల్లో మసి పట్టి బిగుసుకుపోతే కంప్రెషన్ బ్రహ్మాండంగా ఉన్నా బండి ఆయిల్ తాగుతూనే ఉంటుంది. ఆయిల్ మార్చడం వాయిదా వేస్తూ పోయిన బండ్లలో ఈ మసి ఎక్కువ. కంప్రెషన్ తక్కువొస్తే ఆ సిలిండర్‌లో చెంచాడు ఆయిల్ పోసి మళ్లీ చూడమనండి. పెరిగితే రింగులు, పెరగకపోతే వాల్వులు లేదా హెడ్ కింద ఉండే గాస్కెట్.

చిక్కటి ఆయిల్ పోస్తే తగ్గుతుందంటారు. మాన్యువల్‌లో 5డబ్ల్యూ-30 గ్రేడుతో పాటు, కాగాక అంతకంటే కాస్త చిక్కగా ఉండే 5డబ్ల్యూ-40 కూడా ఇచ్చి ఉంటే పోసి చూడండి, కాస్త తేడా రావచ్చు. లేని గ్రేడు జోలికి పోవద్దు. రిపేరును డబ్బాలో పోసి అమ్మే మందుల మీద నాకు నమ్మకం లేదు. ఇంకోటి, పైన పోస్తూనే ఉన్నాం కదా అని ఆయిల్ మార్చడం మానకండి. పాత మురికి, పాత ఫిల్టర్ అక్కడే ఉంటాయి.

కొన్ని కంపెనీలు 1,000 కి.మీ.కి లీటరు దాకా కూడా మామూలే అని మాన్యువల్‌లో రాసుకుంటాయి. నా లెక్కలో అది మరీ ఎక్కువ. మీకు అర లీటరు లోపు ఉంటే పీసీవీ చూసుకుని, డిక్కీలో ఒక డబ్బా పెట్టుకుని తిరగండి. లీటరు దాటితే, లేదా నిన్న మొన్నటిదాకా కొంచెం తాగింది హఠాత్తుగా రెట్టింపు తాగితే, అప్పుడు మీ మెకానిక్ మాట వినాల్సిందే. కూలెంట్ (ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవం) కూడా తగ్గుతుంటే అసలు ఆలస్యం చేయొద్దు, వెంటనే చూపించండి.

మూడు రీడింగులు అయ్యాక స్పార్క్ ప్లగ్గులు తీయించి ఫోటో పెట్టండి, ఆయిల్ తాగే సిలిండర్‌ని జిడ్డు ప్లగ్గు పట్టిస్తుంది. ఏది ఏ సిలిండర్‌దో నెంబర్ వేసి తీయండి. నేను మొదటిసారి నాలుగూ ఒకే గుడ్డలో చుట్టి తెచ్చుకున్నాను, జిడ్డుగా ఉన్నది ఏ సిలిండర్‌దో ఇప్పటికీ తెలియదు.