కళ్లు, కెమెరాలు, న్యూరాన్లు: మీ ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: డేవిడ్ మార్ అనే పేరు కంప్యూటర్ విజన్ (బొమ్మల్లో ఏముందో కంప్యూటర్‌తో గుర్తింపజేసే విద్య) పాఠాల్లోనూ కనిపిస్తోంది, మెదడు పాఠాల్లోనూ కనిపిస్తోంది. ఇద్దరూ ఒకరేనా? మెదడు మీద పనిచేసే మనిషి కంప్యూటర్ల వైపు ఎందుకు వెళ్లారు?

జవాబు: ఒకరేనండీ. 1945లో ఇంగ్లండ్‌లో పుట్టారు. కేంబ్రిడ్జ్‌లోని ట్రినిటీ కాలేజీలో గణితం చదివి, తర్వాత మెదడు వైపు మళ్లారు. 1969లో చిన్నమెదడు మీద వచ్చిన ఆయన వ్యాసం చాలా సాహసమైనది. చిన్నమెదడులోని పెద్ద న్యూరాన్లైన పర్కింజీ కణాల మీద, ప్యారలల్ ఫైబర్లనే సన్నని నరపోగుల సైనాప్సులు (కణాలు కలిసే చోట్లు) క్లైంబింగ్ ఫైబర్ అనే మరో నరపోగు తెచ్చే సంకేతాన్ని బట్టి మారతాయనీ, మనం కదలికలు నేర్చుకునేది అలాగేననీ అందులో ప్రతిపాదించారు. ఆ సైనాప్సులు బలపడతాయని మార్ అనుకున్నారు. కాదు, బలహీనపడతాయని 1971లో జేమ్స్ ఆల్బస్ అన్నారు. 1982లో మసావో ఇటో బృందం ప్రయోగం చేసి చూస్తే ఆల్బస్ మాటే నిలిచింది. అయినా ఏ సైనాప్సు దగ్గర వెతకాలో ముందుగా చూపించింది మార్ వ్యాసమే.

1973లో ఆయన ఎం.ఐ.టి.లోని కృత్రిమ మేధ ప్రయోగశాలకు వెళ్లారు. కణాలు ఒకదానితో ఒకటి ఎలా కలిశాయో తెలిసినా, అవన్నీ కలిసి ఏ లెక్క చేస్తున్నాయో, ఆ లెక్క ఎందుకు కావాలో తెలియదు. ఆయన్ని పట్టి లాగిన ప్రశ్న అది. 1976లో టొమాసో పోజియోతో కలిసి రాసిన స్టీరియో చూపు (రెండు కళ్లతో దూరం పసిగట్టడం) వ్యాసంలో ఇది స్పష్టంగా కనిపిస్తుంది. ఎడమ కంటి బొమ్మలోని ఒక చుక్క, కుడి కంటి బొమ్మలో ఏ చుక్కతో జత కలవాలి? జతలు వందల రకాలుగా కుదురుతాయి. వాళ్లు రెండే షరతులు పెట్టారు. ఒక చుక్కకు ఒక్క జతే ఉండాలి, ఎందుకంటే ఒక వస్తువు ఒకేసారి రెండు దూరాల్లో ఉండదు. దూరం చాలామటుకు మెల్లగా మారాలి, ఎందుకంటే వస్తువుల ఉపరితలాలు సాధారణంగా ఎడతెగకుండా ఉంటాయి. ఈ రెండూ కణాల గురించిన నియమాలు కావు, బయటి లోకం గురించినవి. మార్ రచనలు చదవడం మొదలుపెట్టాలనుకునేవాళ్లు ముందు ఈ వ్యాసమే చదవాలని మా అభిప్రాయం. ఆయన 1980లో, 35 ఏళ్లకే లుకేమియాతో పోయారు. కంప్యూటర్ విజన్ అంతర్జాతీయ సదస్సు, ఐ.సి.సి.వి.లో ఇచ్చే ఉత్తమ వ్యాస బహుమతి ఆయన పేరు మీదే ఉంది.

ప్రశ్న: కంటి నుంచి సమాచారం అందుకునే మెదడు కణాల్లా పనిచేస్తుందని గేబర్ ఫిల్టర్ రాశాను. కెర్నెల్ (బొమ్మ మీద జరుపుతూ గుణించే అంకెల పట్టిక) 9×9, తరంగదైర్ఘ్యం 10 పిక్సెళ్లు, సిగ్మా (ఫిల్టర్ ఎంత దూరం వ్యాపిస్తుందో చెప్పే కొలత) 5.6. గీతల దగ్గర వెలగాల్సింది, ఖాళీ తెల్లగోడ మీద ఎక్కువ వెలుగుతోంది. తప్పెక్కడ?

జవాబు: మీ కెర్నెల్ చిన్నదైపోయింది. గేబర్ ఫిల్టర్ అంటే గాసియన్‌తో (మధ్యలో ఎత్తుగా ఉండి అంచులకు తగ్గే గంట ఆకారపు వక్రరేఖతో) గుణించిన కొసైన్ తరంగం. దాని ధన, రుణ భాగాలు దాదాపు సరిసమానంగా కొట్టేసుకోవాలి. 9 పిక్సెళ్ల దగ్గర కోసేసరికి మధ్యలోని ధన భాగం మొత్తం మిగిలింది, పక్కనున్న రుణ భాగాలు సగంలో తెగిపోయాయి.

ఒక్క అడ్డ వరుసను తీసుకుని మీరే కూడి చూడండి. మధ్య విలువ 1. అక్కడి నుంచి అటూ ఇటూ 0.796, 0.290, మైనస్ 0.268, మైనస్ 0.627. మొత్తం 1.38 వస్తుంది. అదే కోయకుండా పూర్తిగా ఉంచితే మొత్తం 0.03 దగ్గర ఆగుతుంది. గోడ వెలుతురు 200 అనుకోండి. 1.38ని 200తో గుణిస్తే 276. కెర్నెల్‌కు సరిగ్గా సరిపోయే చారలు సగటుకు 50 పైకీ 50 కిందకీ ఊగుతున్నా, వాటి వల్ల వచ్చేది దాదాపు 182 మాత్రమే. గోడే గెలుస్తోంది!

కెర్నెల్ మధ్య నుంచి ప్రతి వైపూ 3 సిగ్మాలు పట్టాలి. మీ కొలతలకు అది 17 పిక్సెళ్లు, అంటే కెర్నెల్ 35×35. ఆ తర్వాత కూడా మిగిలే కాస్త మొత్తాన్ని సున్నా చేయాలి. అందుకు ప్రతి గడి నుంచీ ఒకే సంఖ్య తీసేయకండి, అంచులు రుణంలోకి జారిపోతాయి. గాసియన్ విలువ ఎక్కడ ఎంత ఉందో ఆ నిష్పత్తిలోనే తీసేయండి.

ఇంకో గోతిలో కూడా చాలామంది పడతారు. బొమ్మ 8 బిట్లలో ఉండగానే ఫిల్టర్ వేసి, ఫలితాన్నీ 8 బిట్లలోనే తీసుకుంటే రుణ విలువలన్నీ సున్నాకు కుదించుకుపోతాయి. ముందే రుణ, దశాంశ విలువలు పట్టే ఫ్లోట్ రూపంలోకి మార్చుకోండి.

ఇదంతా సరిచేశాక మీ చేతిలో ఉండేది మెదడులోని చూపు కణాలను పరిశోధించిన హ్యూబెల్, వీజెల్ చెప్పిన సింపుల్ కణానికి దగ్గరి నమూనా. గీత నాలుగైదు పిక్సెళ్లు జరిగితే దాని జవాబు తిరగబడుతుంది. గీత కొంచెం జరిగినా జవాబు మారని కాంప్లెక్స్ కణం కావాలంటే, అదే ఫిల్టర్‌ను కొసైన్‌తో ఒకసారి, సైన్‌తో ఒకసారి వేసి, రెండు ఫలితాలనూ వర్గం చేసి కూడండి.

ప్రశ్న: ఒక న్యూరాన్ స్పందనల్లోని మార్పులో 40 శాతాన్ని మా న్యూరల్ నెట్‌వర్క్ వివరించగలుగుతోంది. ఇంత తక్కువైతే ప్రచురణకు పనికిరాదని తోటివాళ్లు అంటున్నారు. నిజమేనా?

జవాబు: ఆ 40 ఎందులోంచి వచ్చిన 40 అన్నది ముందు తేలాలి. ఒకే బొమ్మను పదిసార్లు చూపించినా న్యూరాన్ పదిసార్లూ ఒకేలా స్పందించదు. ఆ చాంచల్యాన్ని ఏ నమూనా అయినా ముందుగా చెప్పలేదు, చెప్పాల్సిన పనీ లేదు. కాబట్టి అందుకోగలిగిన పైకప్పు ఎంతో కొలవండి. ప్రతి బొమ్మకూ వచ్చిన స్పందనలను యాదృచ్ఛికంగా రెండు సగాలు చేసి, సగటులు కట్టి, ఆ రెంటి మధ్య సహసంబంధం చూడండి. అది 0.5 వచ్చిందనుకుందాం. అది సగం డేటాకే చెందిన అంకె గనక, స్పియర్‌మన్-బ్రౌన్ సూత్రం ప్రకారం 0.5ను రెట్టింపు చేసి, 1కి 0.5 కలిపిన మొత్తంతో భాగిస్తే 0.67 వస్తుంది. అంటే వివరించడానికి వీలున్నదే 67 శాతం. అందులో 40 అంటే 60 శాతం అందుకున్నట్టు. 2014లో యామిన్స్, డికార్లో బృందం కోతుల ఐ.టి. కార్టెక్స్ (వస్తువులను గుర్తుపట్టడంలో పనిచేసే మెదడు భాగం) మీద చూపించిన ఫలితం, ఇలా వివరించదగిన భాగంలో దాదాపు సగం.

అయితే మీ అంకె నిజమైనదేనా అన్నది చూసుకోండి. శిక్షణకూ పరీక్షకూ డేటాను బొమ్మలవారీగా విడదీయాలి. ప్రదర్శనల వారీగా విడదీస్తే, అదే బొమ్మ రెండు వైపులా చేరి అంకె ఉబ్బుతుంది. బొమ్మలు 300 ఉండి, నెట్‌వర్క్ పొర నుంచి 4096 లక్షణాలు తీసుకుంటే మామూలు రిగ్రెషన్ శిక్షణ డేటాను అక్షరం పొల్లుపోకుండా బట్టీ పడుతుంది. గుణకాలు మరీ పెరగకుండా పెనాల్టీ వేసే రిడ్జ్ రిగ్రెషన్ వాడండి. దాని పెనాల్టీని శిక్షణ బొమ్మల్లోంచే పక్కన పెట్టిన కొన్నింటి మీద ఎంచుకోండి, పరీక్ష బొమ్మల మీద మాత్రం వద్దు.

ప్రశ్న: నాది కంప్యూటర్ సైన్స్. జీవశాస్త్రం పదో తరగతితోనే ఆగింది. ఈ రంగంలోకి రావచ్చా?

జవాబు: రావచ్చు. లీనియర్ ఆల్జీబ్రా, ప్రాబబిలిటీ, ఫోరియర్ విశ్లేషణ గట్టిగా ఉంటే చాలు, రెటీనా నుంచి వి1 (చూపు సంకేతం మెదడు పైపొరలో మొదట చేరే భాగం) వరకూ జీవశాస్త్రం కొన్ని నెలల్లో పట్టుబడుతుంది. డేటాతో సహా ప్రచురించిన వ్యాసం ఒకటి తీసుకుని, అందులో ఒకే ఒక గ్రాఫ్‌ను మీ సొంత కోడ్‌తో తిరిగి గీయడానికి ప్రయత్నించండి. అంకెలు కలవకపోతే ముందుగా స్పైకులను (న్యూరాన్ పంపే విద్యుత్ సంకేతాలను) లెక్కించిన సమయపు కిటికీ చూడండి. బొమ్మ కనిపించిన క్షణం నుంచే లెక్కపెట్టడం మొదలుపెడితే, వి1 దాకా సంకేతం చేరని మొదటి కొన్ని పదుల మిల్లీసెకన్లు కూడా సగటులో కలిసిపోతాయి.