మరిది కళ్లజోడులో కెమెరా.. నోరు విప్పాలంటేనే టెన్షన్

ప్రశ్న: మేడమ్, మా బాబు అన్నప్రాసనకి మరిది అమెరికా నుంచి వచ్చాడు. అతని కళ్లజోడులో కెమెరా ఉంది. ముందు రోజు రాత్రి నేను నైటీలో గారెల పిండి రుబ్బుతూ, మా వారి అప్పుల గురించి చెల్లితో చెప్పుకుని బాధపడుతున్నా. పొద్దున్నే అదంతా ఫ్యామిలీ గ్రూప్‌లో వీడియోగా వచ్చింది. అడిగితే ‘సరదాకి తీశా వదినా, చూసేది మనవాళ్లేగా’ అన్నాడు. మా వారేమో గోరంతను కొండంత చేస్తున్నానంటున్నారు. మరిది ఇంకో రెండు వారాలు ఉంటాడు. నాది అతి ప్రవర్తనా?
- ఒక సోదరి, రాజమండ్రి

జవాబు: అతి ఏమీ లేదమ్మా. ఎవరైనా ఫోన్ ఎత్తితే మనం పైట సర్దుకుంటాం, మాట ఆపేస్తాం. ఈ కళ్లజోడు ఆ అవకాశం ఇవ్వదు. ఉదాహరణకి, 2025 మేలో మన దేశంలోనూ అమ్మకానికొచ్చిన రే-బాన్ మెటా అనే కెమెరా కళ్లజోడునే చూడండి. రికార్డవుతున్నప్పుడు ఫ్రేమ్ ముందు చిన్న తెల్ల లైటు వెలుగుతుంది. అదేమిటో తెలియని అత్తగారికో, పిండి రుబ్బుకుంటున్న మీకో అది ఎలా కనిపిస్తుంది? పైగా దానికి అయిదు మైకులు. మీ విషయంలో బొమ్మ కంటే మాటే ఎక్కువ నష్టం చేసింది. మీ వారు కొట్టిపారేయడానికి కారణం కూడా, తన అప్పు సంగతి బయటపడిందన్న ఉక్రోషమేనేమో.

ముందు ఆ వీడియో సంగతి చూడండి. వాట్సాప్‌లో పంపినవాళ్లు రెండు రోజుల పైచిలుకు వరకే ‘అందరికీ డిలీట్’ చేయగలరు, కాబట్టి ఈరోజే అడగండి. అతని ఫోన్‌లోనూ తీసేయమనండి. ఈలోపు ఎవరైనా ఫార్వర్డ్ చేసి ఉంటే అది వెనక్కి రాదు.

మరిదితో మీరే మాట్లాడండి, నలుగురిలో కాకుండా విడిగా. ‘బాబూ, ఫంక్షన్లో ఎంతైనా తీసుకో. వంటింట్లోకి, పడగ్గదుల్లోకి మాత్రం ఆ జోడు పెట్టుకుని రావద్దు. గ్రూప్‌లో పెట్టేముందు అందులో ఉన్నవాళ్లకి చూపించు’ అనండి. ‘పవర్ అద్దాలు వదినా, తీస్తే కనపడదు’ అంటాడేమో. మామూలు జోడు ఒకటి చేయించుకోమనండి. అమెరికాలో కంటే ఇక్కడ చవకే!

తెలిసి ఉండటం మంచిదని చెబుతున్నా: స్నానం చేస్తూనో బట్టలు మార్చుకుంటూనో ఉన్న స్త్రీని దొంగచాటుగా తీస్తే భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షన్ కింద నేరం. మొదటిసారికే ఏడాది నుంచి మూడేళ్ల జైలు. మీది ఆ కోవలోకి రాదు. ఇంట్లో ఆ మాట ఎత్తకండి, ‘నా తమ్ముడి మీద కేసు పెడతావా’ అన్న గొడవే మిగులుతుంది.

మీ వారితో మాత్రం అప్పు సంగతి కూర్చుని మాట్లాడుకోవాలి. అది ఎలాగూ బయటికొచ్చింది. అలాగే, వాళ్ల తమ్ముడికి ఈ కళ్లజోడు విషయం ఒకసారి ఆయన నోటితో కూడా చెప్పించండి. మీరు చెబితే వదిన చాదస్తం అనుకుంటాడు, అన్నయ్య చెబితే వింటాడు. ఆయన ససేమిరా అంటే అత్తగారికి ఆ వీడియో సంగతి చెప్పి, అందులో ఆవిడ మాటలే ఉంటే ఎలా ఉండేదో అడగండి.