సిమెంటు రోడ్డు వేసేముందు నీటి దారి చూసుకో

చి.సౌ. అమ్మడికి,

మావయ్య ఆశీస్సులు. శ్రీకాకుళంలో వార్డు ఎమినిటీస్ కార్యదర్శిగా చేరావనీ, చేరగానే ఒక వీధికి సిమెంటు రోడ్డు, పక్క కాలువ పని నీ మీద పడిందనీ మీ అమ్మ చెప్పింది. నువ్వు పంపిన ఎస్టిమేటు చూశాను. కాయితంలో రోడ్డు ముందు, కాలువ తర్వాత రాశారు. పని మాత్రం చివర నుంచి మొదలుపెట్టాలి. ముందు గెడ్డ (వాగు) దగ్గరకి వెళ్లు.

వీధి నీళ్లు చివరికి కలిసేది పెద్ద కాలువైనా గెడ్డైనా, దాని అడుగు లెవెల్, అంటే ఎంత ఎత్తులో ఉందో, తీసుకో. ఎండాకాలంలో తీసిన లెవెల్ ఒక్కటే నమ్మకు. వానలకి అక్కడ నీరు ఎంతవరకు నిలుస్తుందో గట్టు పక్క ఇళ్లవాళ్లని అడుగు. ఊరికే "వరద వస్తుందా" అంటే వస్తుందనే అంటారు. 2014 హుద్‌హుద్‌ తుపానుకి ఎంతొచ్చింది, 2018 తిత్లీకి ఎంతొచ్చింది అని పేరుపెట్టి అడిగితే గోడ మీద చెయ్యి పెట్టి చూపిస్తారు. ఆ గుర్తు కూడా నీ పుస్తకంలోకి ఎక్కాలి.

ఇక వాలు. 200కి 1 పెడితే 100 మీటర్లకి అర మీటరు దిగాలి. కాలువ మొదట్లో 45 సెంటీమీటర్ల లోతుంటే, నేల సమంగా ఉన్నచోట చివరికి 95 అవుతుంది. గెడ్డ అడుగు దానికన్నా ఎత్తులో ఉందంటే నువ్వు కట్టేది కాలువ కాదు, దోమల తొట్టి. అప్పుడు 300కి 1 పెట్టి చూడు, 100 మీటర్లకి దిగుడు 33 సెంటీమీటర్లతో సరిపోతుంది. అదీ కుదరకపోతే నీటిని వేరే వైపు తిప్పగలమేమో ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు) గారితో మాట్లాడు. ఆ మాట తవ్వకానికి ముందే రావాలి, కాంక్రీటు పడ్డాక వచ్చి లాభం లేదు.

ఎత్తులు చూసే ఆటో లెవెల్ యంత్రం దొరక్కపోతే మేస్త్రీ నీటిగొట్టం చాలు, గొట్టంలో గాలిబుడగ లేకుండా చూసుకో. కదలని కల్వర్టు గోడ మీద పెయింటుతో గుర్తు పెట్టి, అక్కడి నుంచి ప్రతి 10 మీటర్లకీ రీడింగు తీయి. దాంతో పాటు ప్రతి ఇంటి గుమ్మం లెవెల్, స్నానాల గది గొట్టం బయటికొచ్చే లెవెల్ కూడా రాయి. మన ఊళ్లలో పాత రోడ్డు మీదే కొత్తది పోసేస్తారు. ఒక్కోసారికీ 15 సెంటీమీటర్లు లేస్తుంది. మూడోసారికి ఇల్లు గోతిలో ఉంటుంది, రోడ్డు అరుగు మీద ఉంటుంది. పాత స్లాబు పగలగొట్టి తీసే ఐటం నీ ఎస్టిమేటులో కనపడలేదు. అది పెట్టించు. ఖర్చు పెరుగుతుందని గొణుగుతారు, గొణగనీ.

కాలువ గోడ రోడ్డు కన్నా ఎత్తు లేపకూడదు. తప్పనిసరై లేపితే 5 మీటర్లకొకటి చొప్పున రోడ్డు నీళ్లు దిగడానికి కంతలు వదలాలి. లేకపోతే కాలువ ఎండిపోయి ఉంటుంది, రోడ్డు మీద మోకాలి లోతు నీరుంటుంది. అడుగు బల్లపరుపుగా కాక నడుమ పల్లంగా తీయించు. ఎండాకాలం సన్నటి మురుగు కూడా ఆ గాడిలో కదులుతుంది. మూతలు ఇద్దరు మనుషులు ఎత్తగలిగేలా, కొంకీలతో ఉండాలి. పూడిక తీయలేని మూత పెట్టడం కన్నా అసలు పెట్టకపోవడమే నయం.

రోడ్డు పోసేలోగా మంచినీళ్ల పైపు సంగతి తేల్చు. కుళాయి కనెక్షన్లు కాలువలోంచి పోతుంటే ఇప్పుడే మార్పించు. నీళ్లు వదలని వేళ పైపులో ఒత్తిడి ఉండదు, చిన్న చిల్లున్నా మురుగు లోపలికి లాగేసుకుంటుంది. రోడ్డుకి అడ్డంగా నాలుగైదు ఇళ్లకొక 110 మిల్లీమీటర్ల పీవీసీ గొట్టం ఖాళీగా పాతించు. రేపు ఎవరికి కొత్త కనెక్షన్ కావాలన్నా అందులోంచి తోసుకుంటారు, రోడ్డు కోయరు.

పోత రోజు నువ్వు అక్కడే ఉండాలి. నేల, గ్రావెల్ తడిపి తొక్కించాక, కాంక్రీటుని అంచుల్లో ఆపే ఇనప చానెళ్లు బిగించాక, పాలిథిన్ పరిచాక, ఈ చానెల్ నుంచి ఆ చానెల్‌కి దారం లాగు. కాలువ వైపు ఒకే వాలు కాబట్టి దారం నుంచి కింద నేలకి ఎక్కడ కొలిచినా 15 సెంటీమీటర్లు రావాలి. అంచుల్లో 15 ఉండి నడుమ 10 ఉండటం పాత ఎత్తుగడే. పోశాక ఎవరూ చూడలేరు కదా. 3 మీటర్ల వెడల్పుకి కాలువ వైపు వాలు 6 సెంటీమీటర్లు చాలు.

సిమెంటు లెక్క నోటికి రావాలి. 100 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు, 15 సెంటీమీటర్ల మందం అంటే 45 ఘనపు మీటర్లు. మిక్స్ డిజైన్‌లో, అంటే కాంక్రీటు పాళ్ల కాయితంలో, ఘనపు మీటరుకి సిమెంటు 400 కిలోలని ఉంటే 8 బస్తాల చొప్పున 360 బస్తాలు. సైట్లోనే కలుపుతున్నారు కనక సాయంత్రం ఖాళీ సంచులు లెక్కపెట్టు. నాగావళి ఇసుకైనా ఓ గాజు సీసాలో నీళ్లు పోసి కుదిపి ఉంచు. తేరుకున్నాక పైన పట్టే ఒండ్రు 8 శాతం దాటితే లోడు వెనక్కి పంపు.

అసలు తగువంతా నీళ్ల దగ్గరే. డిజైన్‌లో సిమెంటు బరువుకి నీళ్ల పాళ్లు 0.45 ఉంటే బస్తాకి ఇరవై రెండున్నర లీటర్లు, అందులో ఇసుక తడి కూడా కలిసే ఉంటుంది. కూలీలకి జారుగా ఉంటే లాగడం తేలిక, అందుకని మిక్సర్ దగ్గర ఇంకో బకెట్టు కుమ్మరిస్తారు. వాళ్లని తిట్టి లాభం లేదు, వాళ్లది ఒంటి కష్టం. గట్టి కాంక్రీటుని కుదిపి సర్దే వైబ్రేటర్లు రెండు పెట్టమని కాంట్రాక్టరుని నిలదీయి. కాంక్రీటు జారుడు చూసే స్లంప్ కోను నింపి ఎత్తినప్పుడు ముద్ద 25 నుంచి 50 మిల్లీమీటర్లు కుంగాలి. గంగడోలులా జారిపోతే ఆ బ్యాచ్ వద్దను. బలం పరీక్షకి పంపే కాంక్రీటు క్యూబులు నీ ఎదుటే నింపించి, తడిగా ఉండగానే మేకుతో తేదీ, నీ పొడి సంతకం గీకు. ఆ గీత లేకపోతే లేబొరేటరీకి వేరే క్యూబులు వెళ్తాయి.

జాయింట్లు మర్నాటి లోపే కోయాలి, 4 మీటర్లకొకటి, 5 సెంటీమీటర్ల లోతు. కోస్తుంటే రాళ్లు ఊడొస్తే ఇంకాస్త ఆగు. మరీ ఆలస్యమైతే స్లాబు తనకిష్టమైనచోట తనే పగుల్తుంది. తర్వాత మట్టిగట్లు కట్టి 14 రోజులు నీళ్లు నిలపాలి. ఆటోలు రాకుండా ఇటూ అటూ బొంగులు కట్టించు, రాత్రి ఎవరో తీసేస్తారు, మళ్లీ కట్టించు.

ఎం.బుక్‌లో (కొలతల పుస్తకంలో) కప్పబడిపోయే కొలతలు కప్పకముందే ఎక్కించు: తవ్వకం లోతు, బెడ్డు మందం, గొట్టాలు. టేపు కనపడేలా ఫొటో తీసి ఉంచు. తప్పు పడితే కొట్టేసి సంతకం పెట్టు, దిద్దకు.

మీ వీధి అరసవల్లి దారికి కలుస్తుందన్నావు. రథసప్తమికి జనం పోటెత్తుతారు, ఆ ముందు నెలలో తవ్వకం పెట్టుకోకు. గెడ్డ లెవెల్, గుమ్మాల లెవెళ్లు తీశాక నాకు ఫొటో పంపు. వాలు 200కా 300కా అన్నది అప్పుడు కూర్చుని తేలుద్దాం.

మావయ్య